పావుతక్కువ మూడు

పోయినవి

ఇరవై తొమ్మిదేళ్లలో నా చేతి మీదుగా నడిచిన పెద్ద కాగితాలు ఆరు వందల పద్నాలుగు. గుడి గోడ మీదో చర్చి గోడ మీదో రంగు పడకముందే బొమ్మ మొత్తాన్ని అసలు కొలతలో ఖాకీ కాగితం మీద గీసుకుంటాం. నేను లెక్క చెబుతున్నది ఆ కాగితాలకు.

చెదలు తిన్నవి రెండు వందల మూడు. షెడ్డు రేకు లేచిపోయి వానకు ముద్దయినవి ఎనభై ఎనిమిది. పనయ్యాక గుర్తుగా దాచుకుంటామని గుడివాళ్లూ చర్చివాళ్లూ అడిగి పట్టుకెళ్లినవి నూట ఇరవై ఒకటి. వాటిలో ఒక్కటి కూడా ఇవాళ ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. రంగు చుక్కలు పడకుండా నేల మీద పరిచినవీ, అన్నం క్యారేజీల కింద వేసుకున్నవీ అరవై నాలుగు. అద్దె ఇల్లు మారేటప్పుడు మా ఆవిడ పాత పేపర్లతో కలిపి తూకానికి వేసినవి తొంభై ఏడు.

"గోడల మీద బొమ్మలున్నాయి కదండీ, ఇంకా ఈ కాగితాలెందుకు?" అంది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

నా చేత్తో నేనే పొయ్యిలో పెట్టినవి ముప్పై రెండు. అవన్నీ నేను సొంతంగా ఊహించి గీసినవి. ఎందుకు తగలబెట్టానో తర్వాత రాస్తాను.

మొత్తం ఆరు వందల ఐదు పోయాయి. తొమ్మిది మిగిలాయి.

కాగితాలు కాక పోయినవి: కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ కొసల్లో స్పర్శ. దగ్గర చూపు. మా గురువుగారి నోట వినాలనుకున్న ఒక్క మాట. ఇవి కాక అర అంగుళం ఒకటుంది. దాన్ని పోయినవాటి కింద రాయాలో, నేను ఇవ్వాల్సినవాటి కింద రాయాలో ఇంతకాలం తేలలేదు. రాస్తూ పోతే తేలుతుందని మొదలుపెట్టాను.

పని ఏమిటంటే

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పుడు ప్రొజెక్టరు పెట్టుకుని గోడ మీద నేరుగా గీస్తున్నారు. దాని మీద నాకు కోపం లేదు. మేం ఎలా చేసేవాళ్లమో తెలిస్తేనే ముందు రాయబోయేది అర్థమవుతుంది కాబట్టి చెబుతున్నాను.

మొదట చిన్న కాగితం మీద పెన్సిలుతో బొమ్మ. దాని మీద గళ్లు. అన్నే గళ్లు పెద్ద కాగితం మీద, ఎన్నింతలు కావాలంటే అన్నింతలు పెద్దవిగా. చిన్న గడిలో ఉన్న గీతను పెద్ద గడిలోకి ఎక్కిస్తాం. తర్వాత గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుస్తాం. కాగితాన్ని గోడకు ఆనించి, పల్చటి గుడ్డలో కట్టిన బొగ్గుపొడి మూటతో తడితే, చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద చుక్కల బొమ్మ వస్తుంది. ఆ చుక్కల మీదే రంగు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. కనురెప్పల గీతలకు చిల్లులు పొడుస్తాం గాని కంటిపాపకు సూది తగలనివ్వం. "దేవుడి కళ్లు పొడిచిన చేత్తో అన్నం ఎలా తింటావయ్యా?" అనేవారు మా గురువుగారు సోమాచారి గారు. యేసుప్రభువు బొమ్మకైనా అదే పద్ధతి. అందుకని కంటిపాప ఎక్కడ రావాలో కాగితం అంచున అంకెల్లో రాసుకుంటాం: ముక్కు నడుమగీత నుంచి ఇంత, కనుబొమ నుంచి ఇంత. అన్నిటికన్నా చివర, చిత్రకారుడు పరంజా ఎక్కి బొమ్మ ముఖానికి జానెడు దూరంలో నిలబడతాడు. కింద ఒక మనిషి కాగితం పట్టుకుని అంకె చదువుతాడు. పైనున్నాయన కొలిచి గుర్తు పెట్టి, కళ్లు దిద్దుతాడు. ఒకసారి కళ్లు పెట్టాక ఆ ముఖం మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. పెట్టినాయన కూడా.

కింద నిలబడి అంకె చదివే మనిషిని నేను.

నేను ఈ పనిలోకి వచ్చింది లేసు నుంచి. నరసాపురంలో మా అమ్మా, మా వీధి ఆడవాళ్లూ లేసు అల్లేవారు. పదో తరగతి తప్పాక (తప్పింది లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో) పదేళ్లపాటు ఆ లేసు పువ్వుల నమూనాలు గళ్ల కాగితం మీదకు ఎక్కించడం, కుట్లు లెక్కపెట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు. మా ఊళ్లో ఒక రామాలయం గోడ పనికి వచ్చిన సోమాచారి గారు, అరుగు మీద కూర్చుని ఒక పువ్వును మూడింతలు చేస్తున్న నన్ను చూసి ఆగారు.

"ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావయ్యా?"

"ఎవరి దగ్గరా కాదండి. లెక్కే కదండి."

"మనిషిని కూడా ఇలా పెద్ద చెయ్యగలవా?"

"పువ్వుని చేసినోణ్ణి మనిషిని చెయ్యలేనాండి?"

"పువ్వు ఊపిరి తియ్యదయ్యా," అన్నారాయన నవ్వి. "సరే, రా. చూద్దాం."

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. రాజమండ్రిలో ఆయన షెడ్డులో చేరాను. ముఖం పొడవు ఒకటైతే దేవతామూర్తి నిలువెత్తు తొమ్మిది ముఖాలని, ఒక్కో ముఖానికి పన్నెండు భాగాలని మొదటి వారంలోనే చెప్పారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. దేవుళ్లకు కూడా లెక్క ఉందన్నమాట. లెక్క ఉంటే నాకు వచ్చేసినట్టే అనుకున్నాను.

ఊపిరి

రెండేళ్ల తర్వాత దేవదానం వచ్చాడు. మాది ఒకే ఊరు. వాళ్ల నాన్న పడవ మీద వేటకు వెళ్లేవాడు. నాకన్నా రెండేళ్లు చిన్న. వచ్చిన రోజునుంచీ నన్ను అన్నయ్యా అన్నాడు.

దేవదానం గళ్లు గీయడు. స్కేలు ముట్టుకోడు. కాగితం ముందు కాసేపు ఊరికే కూర్చుని, భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి లాగేస్తాడు. నేను భోజనానికి వెళ్లినప్పుడు అతని బొమ్మల్ని టేపు పెట్టి కొలిచేవాణ్ణి. ఒకసారి కృష్ణుడి ఎత్తు ఎనిమిది ముఖాల పది భాగాలే వచ్చింది. రెండు భాగాలు తక్కువ. చేయి మాత్రం రెండు భాగాలు ఎక్కువ. ఆ వారమంతా నాకు హాయిగా ఉంది. అయితే అదే బొమ్మను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే కృష్ణుడు అప్పుడే ఎక్కణ్ణుంచో నడిచివచ్చి ఆగినట్టుండేవాడు. పక్కనే నా కృష్ణుడు. అన్ని కొలతలూ సరిగ్గా ఉండి, రేషన్ కార్డు ఫొటోకి నిలబడ్డట్టుండేవాడు.

దేవదానానికి ఇదేమీ తెలియదు. అందరి ముందూ నన్ను ఆటపట్టించేవాడు.

"అన్నయ్యా, ఇవాళ ఇడ్లీలు నాలుగు తిన్నావా, నాలుగుంబావా?"

"నీలాగా కళ్లు మూసుకుని తినను లేరా."

"కళ్లు మూసుకుంటేనే రుచి తెలుస్తది. నువ్వు చట్నీని కూడా టేపెట్టి కొలుస్తావ్."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఈ పనిలో ఒకే షెడ్డు కింద ఇద్దరు పని చేస్తే ఒకరికి ఇంకొకరి మీద ఈర్ష్య ఉంటుంది. లేదని చెప్పేవాడు తన బొమ్మ బాగుందని నమ్మినవాడై ఉంటాడు. నా విషయంలో అది ఉదయం షెడ్డు తాళం తీసేటప్పుడు మొదలయ్యేది, సాయంత్రం తాళం వేసేదాకా ఉండేది. ఆదివారం అతను చర్చికి వెళ్లిన రోజు మాత్రం కొంచెం తక్కువగా ఉండేది.

పిట్టగోడ

మీకు పనికొచ్చే తప్పు ఒకటి చెబుతాను. నాదే.

సామర్లకోట దారిలో ఒక ఊళ్లో బాప్టిస్టు చర్చి. వేదిక వెనక బాప్తిస్మపు తొట్టి, దాని వెనక ఖాళీ గోడ. ఆ గోడ మీద యొర్దాను నది, నదిలో నడుము లోతు నీళ్లలో యేసుప్రభువు, పక్కన యోహాను. ఈ పని గురువుగారు పూర్తిగా నాకే ఇచ్చారు. చిన్న బొమ్మ నాదే, పెద్ద కాగితం నాదే. నెల రోజులు లెక్కలు వేశాను. నీటి గీత తొట్టి అంచుకు సరిగ్గా కలిసేలా పెట్టాను, నది వచ్చి తొట్టిలో పడుతున్నట్టు. వేదిక ముందు నిలబడి చూసి నాకు నేనే మెచ్చుకున్నాను.

మొదటి ఆదివారం ఆరాధనకు మమ్మల్ని పిలిచారు. పాస్టరుగారు తెర తీశారు. ఆడవాళ్లంతా ముందు చాపల మీద కూర్చున్నారు. ఒక ముసలమ్మ పక్కావిడతో పైకే అంది:

"యేసయ్యా, యోహానూ పిట్టగోడ కాడ నిలబడి కబుర్లాడుకుంటన్నారేంటే?"

చర్చి అంతా ఒక్కసారి నవ్వు. నాకు అర్థం కాలేదు. నేను నిలబడి ఉన్నాను. దేవదానం నా లాల్చీ పట్టుకుని కిందికి లాగి చాప మీద కూర్చోబెట్టాడు. అప్పుడు కనిపించింది. కూర్చున్న మనిషికి తొట్టి ముందుగోడ అడ్డం వచ్చి నది మొత్తం పోయింది. నడుము దాకా గోడ, గోడ వెనక ఇద్దరు మనుషులు. నేను నెల రోజులు బొమ్మను కొలిచాను. చూసేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో ఒక్కసారీ కొలవలేదు.

మర్నాడు దేవదానం ఆ చాప మీద గంటసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత నదిని పద్నాలుగు అంగుళాలు పైకి ఎత్తాడు. మిగిలిన నీళ్లను తొట్టి ముందుగోడ మీదకు కూడా దింపాడు. ఇప్పుడు చాప మీద కూర్చున్నవాళ్ల మోకాళ్ల దాకా యొర్దాను వస్తుంది. పాస్టరుగారు అతని రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన చేశారు. నేను టేపు చుడుతున్నాను.

కాబట్టి గుడికి వెళ్తే జనం నిలబడే చోట నిలబడి చూడండి. చర్చికి వెళ్తే వాళ్లు కూర్చునే చోట కూర్చోండి. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు ఒక ముసలమ్మ కావలసి వచ్చింది. ఆ దారిలో తిరిగి వస్తుంటే బస్సులో దేవదానం, "పోనీ అన్నయ్యా, ఇంక నీ లెక్కలో మనుషులు కూడా చేరతారులే," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

నూట ఎనిమిది అంగుళాలు

అయిదారేళ్ల తర్వాత మండపేట దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి గుడి పని వచ్చింది. చుట్టూ రైసుమిల్లులున్న ఊరు. మండపంలో లోపలి గోడ మీద నిలబడ్డ అమ్మవారు. కిరీటం కాక ఎత్తు తొమ్మిది అడుగులు.

ఆ అంకె విన్నప్పుడు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. తొమ్మిది అడుగులంటే నూట ఎనిమిది అంగుళాలు. తొమ్మిది ముఖాలు, ముఖానికి ఒక అడుగు, అడుగుకు పన్నెండు. ప్రతి భాగమూ సరిగ్గా ఒక అంగుళం. ఇరవై తొమ్మిదేళ్లలో అలాంటి గోడ నాకు ఇంకొకటి తగల్లేదు. ఇది నా కోసమే కట్టిన గోడ అనుకున్నాను.

గురువుగారు ఇద్దర్నీ చెరొక చిన్న బొమ్మ గీయమన్నారు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"సత్యం బొమ్మలో తప్పు పట్టలేం," అన్నారు. నా పేరు సత్యనారాయణ. షెడ్డులో లెక్కల సత్యం. తర్వాత రెండోదాని వైపు తిరిగారు. "దేవదానం బొమ్మ చూస్తే తప్పు పట్టాలనిపించదు. ఇదే వెయ్యండి. సత్యం, దీన్ని నువ్వు పెద్ద చెయ్యి. అంకెలు నువ్వే రాయాలి."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, దాచుకున్న సొంత బొమ్మలు ముప్పై రెండూ పొయ్యిలో పెట్టాను. వాటి మీద నీళ్లు కాగాయి, నేను స్నానం చేశాను.

దేవదానం అమ్మవారిని నేను పదకొండు రోజుల్లో పెద్ద చేశాను. ఒక్క గీత తప్పించలేదు. కంటిపాపల కొలత: ముక్కు నడుమగీత నుంచి అటు రెండుంబావు, ఇటు రెండుంబావు. అమ్మవారు ఎదురుగా నిలబడ్డ మనిషిని సూటిగా చూస్తుంది. కాగితం అంచున అలాగే రాశాను.

కళ్లు పెట్టే ముందు రోజు ఆ అంకెలు రబ్బరుతో చెరిపాను.

ఒక్క కంటిపాపనే జరిపితే మెల్లకన్ను వస్తుంది, తప్పు అంకెదని వెంటనే తెలిసిపోతుంది. రెండిటినీ ఒకే పక్కకు అర అంగుళం జరిపితే, ఎదురుగా ఉన్నవాణ్ణి తప్పించుకుని అమ్మవారు పక్కకు చూస్తున్నట్టుంటుంది. అప్పుడు తప్పు చేతిది. ఇంత లెక్కా వేసుకుని, మనం చూస్తుంటే ఎడమ వైపున్న కంటికి పావుతక్కువ మూడు, కుడి వైపు దానికి పావుతక్కువ రెండు అని రాశాను. ఏదో కోపంలో చేశానని రాస్తే అబద్ధం. నేను చాలా నిదానంగా ఉన్నాను.

మర్నాడు ఉదయం దేవదానం సరుగుడు కర్రల పరంజా ఎక్కాడు. నేను కింద నిలబడ్డాను.

"చదువు అన్నయ్యా."

"ఎడమ కన్ను, పావుతక్కువ మూడు."

అతని చెయ్యి ఆగింది. తల వంచి నా వైపు చూశాడు.

"పావుతక్కువ మూడా?"

"అవును."

"కుడి?"

"పావుతక్కువ రెండు."

దేవదానం ఒకసారి మండపమంతా కలయజూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు నాకు తెలియదు. "సరే అన్నయ్యా," అని గోడ వైపు తిరిగాడు.

ప్రతిష్ఠ రోజున నేను ఒక స్తంభం వెనక నిలబడ్డాను, మాట ఎప్పుడు వస్తుందా అని. ఊరి పెద్దాయన ఒకరు పట్టుపంచెతో అమ్మవారికి సూటిగా ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టారు. తల ఎత్తారు. అటు జరిగారు, ఇటు జరిగారు.

"ఏంటయ్యా, అమ్మ నాకేసి చూడట్లేదేంటి?"

నేను ఎదురుచూసిన మాట అదే. సరిగ్గా అప్పుడే ఎడమ వైపు స్తంభం దగ్గర చిన్న గొడవ. మిల్లులో పని చేసే ఆడవాళ్లు పక్కగుమ్మంలోంచి వచ్చి అక్కడ నిలబడతారు. జుట్టులో తవుడు ఉంటుంది, పట్టుచీరలవాళ్ల మీద పడుతుందని ఆ మూలనే ఉండిపోతారు.

"పిన్నీ, ఇలా రా. అమ్మ మనకేసే సూత్తంది."

"ఎల్లెహె! అంత పెద్దోళ్లుండగా మనకేసి సూత్తదా?"

"వచ్చి నువ్వే నిలబడి సూడవే."

ఆవిడ వచ్చి నిలబడింది. చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంకొకావిడ, ఆ తర్వాత పదిమంది. పెద్దాయన అందరినీ కాసేపు చూసి, "సరే పదండి, మనమూ అటే నిలబడదాం," అని పంచె ఎత్తిపట్టుకుని తవుడు ఆడవాళ్ల మధ్యలోకి వెళ్లారు.

పందొమ్మిదేళ్లు

ఆ చూపు గురించి చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. రెండేళ్లలో దేవదానాన్ని వెతుక్కుంటూ తొమ్మిది గుళ్లవాళ్లు వచ్చారు. ఆ రెండేళ్లలో నా పేరు చెప్పి వచ్చినవాళ్లు ఇద్దరు. అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు.

ఆలోచించండి. అతని బొమ్మ మీద ఈర్ష్యపడ్డాను, అది వేరే సంగతి. ఇప్పుడు నేను చేసిన ద్రోహం మీద కూడా అతనికే పేరు వచ్చింది. ఆ అర అంగుళం నాది. నాదని చెబితే ఎందుకు జరిపావని అడుగుతారు. చెప్పకపోతే అది దేవదానం మహిమ. ఇంత గట్టి ఉచ్చు నేను లెక్క వేసి కూడా కట్టలేను.

మూడో ఏడు తిరక్కుండా షెడ్డు వదిలి నరసాపురం వచ్చేశాను. గురువుగారికి ఆరోగ్యం బాగాలేదని మా ఆవిడకు, ఆవిడకు బాగాలేదని గురువుగారికి చెప్పాను. సొంతంగా పనులు చేశాను. చెడ్డ పనులేమీ కావు. దేవదానం గోడ ఉన్న ఊళ్లో పని పడితే ఒక స్టాపు ముందే బస్సు దిగి వెనక వీధిలోంచి నడిచేవాణ్ణి. గురువుగారు పోయినప్పుడు చితి దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. "అన్నయ్యా, ఒకసారి మండపేట రా, నీకు చూపించాలి," అన్నాడు. వస్తానన్నాను. వెళ్లలేదు. తన పేరు చూపించుకోవడానికి పిలుస్తున్నాడనుకున్నాను.

యాభై అయిదో ఏట సూది కొస కనిపించడం మానేసింది. మాకు రిటైర్మెంటు అంటే అదే.

చదువు అన్నయ్యా

కిందటేడు ఒక ఫోను.

"సత్యనారాయణ గారేనాండి? మాది మండపేట దగ్గరండి, అమ్మవారి గుడి కమిటీ ప్రెసిడెంటునండి. మండపం వెడల్పు చేస్తున్నామండి, ఆ గోడ తీసెయ్యాలి. కొత్త గోడ మీద మళ్లీ అమ్మవారు అలాగే రావాలండి. ఆ చూపు లెక్క కట్టింది మీరే అంట కదండి?"

"ఎవరు చెప్పారండి?"

"భలేవారే. దేవదానం గారండి. పందొమ్మిదేళ్లుగా వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు కదండి. 'గీసింది నేను, చూపు మా అన్నయ్యది' అంటారండి."

మొదట వెటకారమనుకున్నాను. తర్వాత, అతనికి తెలిసిపోయిందనుకున్నాను. మిగిలిన తొమ్మిది కాగితాల్లో అమ్మవారి కాగితం ఉంది. దాన్ని చుట్టి పట్టుకుని వెళ్లాను.

మండపంలో ప్లాస్టిక్ కుర్చీలో దేవదానం కూర్చుని ఉన్నాడు. షుగరు అతని చూపును దాదాపు తినేసింది. పక్కన అతని కూతురు సుగుణ. ఇప్పుడు గోడలు తనే వేస్తోంది. కాగితాన్ని నేల మీద పరిచాం. దేవదానం కుర్చీ దిగి, మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో చిల్లుల వెంబడి పోయాడు. భుజం, మెడ, చుబుకం, పెదవి. కనురెప్ప దగ్గర నెమ్మదించాడు. అంచుకు వచ్చాడు.

"ఇక్కడ కాగితం నలిగిందేంటి అన్నయ్యా?"

"రబ్బరు పెట్టాను."

"అంకె మార్చావు."

"అవును."

అతని ముఖం విచ్చుకుంది. "చూశావా సుగుణా, నేను చెప్పలా? పరంజా మీంచి నేను కిందికి చూశాను. అన్నయ్య తప్పు చదవడు కదా, ఎందుకిలా జరిపాడబ్బా అని. అప్పుడు ఆ స్తంభం కనబడింది. ఆ మిల్లు ఆడోళ్లు రోజూ అక్కడే నిలబడతారు. చర్చిలో ఆ ముసలమ్మ చేసిన గోల అన్నయ్య మర్చిపోలేదు. ముందు మామూలుగా రాసుకుని, జనం ఎక్కడుంటారో చూసుకుని మార్చాడు. నాకు గీయడమే వచ్చు. ఇదెప్పుడూ రాలేదు."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. అతని వేలు మళ్లీ రెప్ప మీద కదులుతోంది. ఎనిమిది చిల్లులు దాటింది. తర్వాత చెప్పడానికి వీల్లేకపోయింది. ఒక్క సంగతి మాత్రం దాచను. ఆ క్షణంలో కూడా నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. ఒక తప్పుడు అంకెలోంచి ఇంత మంచి మనిషిని ఊహించి గీయగలిగాడే అని అతని మీద ఈర్ష్యపడ్డాను.

మూడు నెలలకు కొత్త గోడ సిద్ధమైంది. సుగుణ నెల రోజులు రంగులు వేసింది. కళ్లు పెట్టే రోజు ఉదయం నన్ను పక్కకు పిలిచి, నాన్న ట్రంకుపెట్టెలో దొరికిందని ఒక చిన్న కాగితం చేతిలో పెట్టింది. దేవదానం పెన్సిలుతో వేసిన మొదటి బొమ్మ. అందులో కంటిపాపలు సరిగ్గా నడుమ ఉన్నాయి. అమ్మవారు నన్నే చూస్తోంది. అప్పట్లో నేను ఆ బొమ్మను గడి గడిగా చూశానే గాని, ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడి చూడలేదని అప్పుడు తెలిసింది.

"కాగితం మీద రబ్బరు కింద ఏముందో నాకు కనబడిందండి, పెదనాన్నగారూ," అంది సుగుణ. గొంతు పెంచలేదు. "స్తంభం చూసి మార్చింది కాదు కదండి?"

"కాదమ్మా."

సుగుణ కుంచె చేతిలోకి తీసుకుంది. "మరి ఇప్పుడు ఏది పెట్టమంటారు?"

ఎడమ వైపు చూశాను. కొత్త మండపంలో కూడా ఆ మిల్లు ఆడవాళ్లు వచ్చి అదే మూల నిలబడ్డారు, ఇంకా రంగు ఆరని గోడకేసి చూస్తూ. వాళ్లలో ఒకావిడకు జుట్టు నెరిసిపోయింది. పందొమ్మిదేళ్ల క్రితం చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది ఆవిడేనేమో చెప్పలేను.

సుగుణ పరంజా ఎక్కింది. దేవదానం కుర్చీలో తల పైకెత్తి కూర్చున్నాడు, కనబడకపోయినా.

"చదువు అన్నయ్యా," అన్నాడు.

"ఎడమ కన్ను, పావుతక్కువ మూడు," అని చదివాను. "కుడి, పావుతక్కువ రెండు."

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. అంకె మార్చాల్సి వస్తే రబ్బరు పెట్టకండి. పాతదాన్ని కొట్టేసి, పక్కన కొత్తది రాసి, ఎందుకు మార్చారో కూడా రాయండి. నేను అప్పుడు రాయనిది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఇది అచ్చయితే సుగుణ వాళ్ల నాన్నకు చదివి వినిపిస్తానంది. పూర్తిగా వినిపించమన్నాను.

ఆ ఆడవాళ్ల చూపు వాళ్లకు ఉంది. గుడికి పేరు ఉంది. నాకు కూడా, నేను అడగకుండానే, దేవదానం ఇచ్చిన పేరు ఉంది. అతను గీసిన అమ్మవారు మాత్రం, గీసింది గీసినట్టుగా, ఇంతవరకూ ఏ గోడ మీదా లేదు. రెండుసార్లు గోడ దొరికింది, రెండుసార్లూ నేనే చదివాను.

నేను దేవదానానికి ఇవ్వాల్సింది ఇవాల్టికీ అర అంగుళం.